"నువ్వే ఏదో నొక్కేసి ఉంటావు": రిమోట్ చుట్టూ అల్లుకున్న అధికారం

టీవీ తెర నల్లబడగానే మన ఇళ్లలో మొట్టమొదట వినిపించే మాట, "నువ్వే ఏదో నొక్కేసి ఉంటావు" అన్నది. ఈ మాట అనేది భర్త, కొడుకు, మరిది. పడేది భార్య, తల్లి, వదిన. కరెంటు పోయి వచ్చిందా, సెల్లులు అయిపోయాయా, కేబుల్ తీగ ఊడిందా అని చూడకముందే నేరం రుజువైపోతుంది. తర్వాత రిమోట్ ఆమె చేతిలోంచి లాక్కుని, ఆమెకు వీపు తిప్పి, ఏవో నాలుగు బటన్లు నొక్కి, బొమ్మ రాగానే దాన్ని తన పక్కన పెట్టుకుంటాడు. ఏం నొక్కాడో చెప్పడు. ఆమె అడగదు. అడిగితే "చెప్పినా నీకర్థం కాదులే" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఈ పత్రికకు రిమోట్ గురించి రాస్తానంటే కొందరు మిత్రులు నవ్వారు. కట్నం చావులు, పనిచేసే చోట లైంగిక వేధింపులు, ఇవ్వని కూలి, దక్కని భూమి... ఇన్ని సమస్యలుండగా ఇదొక సమస్యా అన్నారు. స్త్రీలకు సంబంధించిన ప్రతి ప్రశ్నకూ మొదట ఎదురయ్యే అభ్యంతరం ఇదే. సారా కూడా ఒకప్పుడు ఇంటి గొడవే, మొగుడూ పెళ్లాల తగువే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఆ ఇంటి గొడవను బజారుకు తెచ్చి రాష్ట్ర రాజకీయాలను కుదిపేశారు. వాళ్లకు ఆ తెగువ ఎక్కడి నుంచి వచ్చింది? రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ, పాఠంలోని బతుకు తమదేనని గుర్తుపట్టడం నుంచి వచ్చింది. చిన్న విషయంలో చేతికొచ్చిన జ్ఞానం పెద్ద విషయాల్లో నోరు తెరిపిస్తుంది. రిమోట్ సారా అంత పెద్ద సమస్య అని నేననడం లేదు. ఇంట్లోని యంత్రాలను సరిచేసే జ్ఞానానికి స్త్రీలను దూరంగా ఉంచడం పితృస్వామ్యం రోజూ చేసుకునే సాధన అనీ, ఆ జ్ఞానాన్ని ఒక హక్కుగా మనం అడగాలనీ, నేర్పాలనీ అంటున్నాను.

ఒక పెట్టె, రెండు రిమోట్లు

గృహశ్రమ గురించి స్త్రీలతో మాట్లాడటానికి నేను దువ్వాడ, కూర్మన్నపాలెం ప్రాంతాలకు చాలాసార్లు వెళ్లాను. యంత్రాలకు కొత్త ప్రదేశం కాదది. ఒకవైపు 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం. మరోవైపు 1989లో ఎగుమతుల మండలిగా మొదలై 2003లో ప్రత్యేక ఆర్థిక మండలిగా మారిన వి.ఎస్.ఇ.జెడ్. అక్కడ వజ్రాలకు సానపట్టే చోట, దుస్తులు కుట్టే చోట స్త్రీలు పనిచేస్తున్నారు. దగ్గర్లోనే అమ్మాయిల ఇంజనీరింగ్ కళాశాల ఉంది. 2021 జనవరి 27న ఉక్కు కర్మాగారాన్ని ప్రైవేటుకు అమ్మాలని కేంద్రం నిర్ణయించాక కూర్మన్నపాలెం కూడలిలో దీక్షా శిబిరం వెలిసినప్పుడు కార్మికుల ఇళ్ల స్త్రీలూ వచ్చి కూర్చున్నారు. కేంద్ర ప్రభుత్వాన్ని ప్రశ్నించగలిగిన స్త్రీలు ఇంటికెళ్లాక రిమోట్ ముట్టుకోవడానికి జంకుతారు. ఈ వైరుధ్యమే నన్ను ఆలోచింపజేసింది.

ఈ జంకుకు ఒక చరిత్ర ఉంది. కేబుల్ వచ్చిన తొలి రోజుల్లో తీగ నేరుగా టీవీలోకి వెళ్లేది. రిమోట్ ఉంటే ఒకటే ఉండేది, లేకపోతే టీవీ మీది బటన్లే. 2011లో కేబుల్ టీవీ నెట్‌వర్క్‌ల చట్టాన్ని సవరించి ప్రసారాలన్నీ డిజిటల్ కావాలన్నారు. రెండో దశకు ఎంచుకున్న 38 నగరాల్లో విశాఖపట్నం ఒకటి. దానికి పెట్టిన గడువు 2013 మార్చి 31. దాంతో ఇంటింటికీ సెట్ టాప్ బాక్సు వచ్చింది. టీవీకొక రిమోట్, బాక్సుకొక రిమోట్ అయ్యాయి. టీవీ ఆన్ చెయ్యడానికొకటి, చానెల్ మార్చడానికొకటి. పొరపాటున టీవీ రిమోట్ మీద సోర్స్ బటన్ నొక్కితే చాలు, "నో సిగ్నల్" అని వచ్చి బొమ్మ మాయమవుతుంది. ఆ మార్పును ఇంటికి తెచ్చిన కేబుల్ కుర్రాడు పెట్టె బిగించి, వాడే పద్ధతిని ఇంట్లో ఉన్న మగవాడికి చూపించి వెళ్లాడు. మగవాడు లేకపోతే పదేళ్ల కొడుక్కి చూపించాడు. చందా ఇచ్చింది మాత్రం చాలా ఇళ్లలో ఆమే.

ఆర్థిక మండలిలో యంత్రం మీద పనిచేసే ఒకామె నాతో ఇలా అంది: "ఆయన బీ షిఫ్టుకెళ్తే రాత్రి పదిన్నర దాకా మాకు టీవీ లేదమ్మా. ఏవీ అని ఏటో వస్తాది. నాకేటి తెలుస్తాది?" ఎనిమిది గంటలు యంత్రం నడిపే మనిషి ఈమె. అక్కడ సూది విరిగితే తనే మార్చుకుంటుంది, దారం చిక్కుపడితే తనే విప్పుతుంది. ఇంటి గడప దాటి లోపలికి రాగానే ఆమెకు యంత్రాలు తెలియవు! ఆ తెలివి ఆమెలోంచి ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. ఫ్యాక్టరీలో ఆ తెలివి యజమానికి లాభం కాబట్టి నేర్పారు. ఇంట్లో అది ఎవరికీ లాభం కాదు కాబట్టి నేర్పలేదు.

మరొకామె చెప్పింది ఇంకా బాధ కలిగించింది. 2020 లాక్‌డౌన్‌లో బళ్లు మూసేశాక దూరదర్శన్ సప్తగిరి చానెల్లో పిల్లలకు పాఠాలు ప్రసారం చేశారు. వాళ్లింట్లో ఇంకో ఫోను లేదు, పాపకు దిక్కు టీవీయే. భర్త సీ షిఫ్టు చేసి వచ్చి నిద్రపోతున్నాడు. రిమోట్ సెట్టింగు పోయింది. లేపితే కోపం. "పాప ఏడుస్తా కూకుంది. నేనూ కూకున్నాను," అంది. ఆ రోజు పాఠం పోయింది. ఆ తర్వాత కొన్ని రోజుల పాఠాలూ పోయాయి. దీన్ని చిన్న విషయం అనగలమా?

వర్గం సంగతీ మరిచిపోకూడదు. ఆఫీసర్ల ఇళ్లలో పనిచేసే ఒకామె, "టీవీ తుడవాలి గానీ రిమోట్ ముట్టకూడదమ్మా. తుడిచి దాని తావులో దాన్ని పెట్టేయాలి," అంది. ఆ నియమం పెట్టింది ఆ ఇంటి గృహిణి. భర్త దగ్గర తను విన్న మాటనే ఆమె పనిమనిషికి అప్పజెప్పింది. అధికారం పైనుంచి కిందికి జారేటప్పుడు స్త్రీల చేతుల మీదుగా కూడా జారుతుంది.

సోమరితనం ఎవరిది?

రిమోట్ పుట్టుకే ఆసక్తికరం. 1950లో అమెరికాలో జెనిత్ కంపెనీ అమ్మకానికి పెట్టిన మొదటి టీవీ రిమోట్‌కు పొడుగాటి తీగ ఉండేది. దానికి వాళ్లు పెట్టిన పేరు "లేజీ బోన్స్". మన మాటల్లో సోమరిపోతు. 1955లో యూజీన్ పాలీ వెలుతురుతో పనిచేసే రిమోట్ చేశాడు. 1956లో రాబర్ట్ ఆడ్లర్ శబ్ద తరంగాలతో పనిచేసేది తెచ్చాడు, దానికి సెల్లులు కూడా అక్కర్లేదు. ఎవరి సోమరితనం కోసం ఇంత శ్రమ? ఆఫీసు నుంచి వచ్చి కుర్చీలో వాలే మగవాడి కోసం. అతను వాలిన గంటలోనే వంటింట్లో రెండో షిఫ్టు మొదలవుతుంది.

మన ఇళ్లలోకి రిమోట్ రాకముందు ఆ పని ఎవరు చేసేవారు? "అమ్మాయ్, లేచి ఆ సౌండ్ కాస్త పెంచు" అంటే లేచేది కూతురు. వంటింట్లోంచి పిలిపించుకుని చానెల్ మార్చేది భార్య. అంటే రిమోట్ వచ్చేవరకు ఆ ఇంటి రిమోట్ ఆడపిల్లే. అప్పుడు ఆమె నడిచి వెళ్లి తిప్పినంత కాలం అదేమీ గొప్ప పరిజ్ఞానం కాదు. అదే పని కూర్చున్న చోటు నుంచి చెయ్యగలిగే యంత్రం రాగానే అది "టెక్నికల్" అయిపోయింది, మగవాడి పని అయిపోయింది. పనికి గౌరవం పెరిగినప్పుడు అది స్త్రీల చేతుల్లోంచి జారిపోవడం మనకు కొత్త కాదు.

1986లో వెలువడిన అధ్యయనంలో డేవిడ్ మోర్లే దక్షిణ లండన్‌లో 18 కుటుంబాలు టీవీ ఎలా చూస్తున్నాయో పరిశీలించాడు. రిమోట్ చాలావరకు తండ్రి స్వాధీనంలో, అతను లేనప్పుడు కొడుకు స్వాధీనంలో ఉండటం గమనించాడు. సముద్రాలు దాటినా దృశ్యం మారలేదు. మారింది కుర్చీ ఒక్కటే, మన దగ్గర అది మంచం కావచ్చు.

తెలియకపోవడం ఎవరికి లాభం?

ఇక్కడ ఒక వాదం వినిపిస్తుంది. "స్త్రీలకు నేర్చుకునే ఆసక్తి లేదు. మేం వద్దన్నామా?" అని. స్త్రీవాదుల్లోనే ఇంకొక రకమైన వాదం ఉంది. దానికి ఆధారం ఆన్ గ్రే 1992లో ప్రచురించిన పుస్తకం. ఇంగ్లండ్‌లోని వెస్ట్ యార్క్‌షైర్ స్త్రీలు వీసీఆర్‌ను ఎలా వాడుతున్నారో ఆమె అధ్యయనం చేసింది. కొందరు స్త్రీలు దాని టైమర్ పెట్టడం కావాలనే నేర్చుకోలేదు. నేర్చుకుంటే భర్తకు కావలసిన కార్యక్రమాలు రికార్డు చేసి పెట్టే పని కూడా తమ నెత్తిన పడుతుందని వాళ్లకు తెలుసు. లెక్క వేసుకుని ఉండిపోయిన అజ్ఞానం అది. ప్రతిఘటనకు అదొక రూపం అంటారు.

ఈ వాదంలో నిజం ఉంది. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే వాళ్లలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనికి పెడుతుంటే, పురుషులు 97 నిమిషాలు పెడుతున్నారు. ఐదు గంటల చాకిరీ చేసే మనిషి ఆరో పని నెత్తికెత్తుకోనంటే తప్పేమిటి? తప్పు లేదు. దువ్వాడలోనూ ఒకామె నవ్వుతూ, "వచ్చని తెలిస్తే అందరి టీవీలూ నేనే బాగుచెయ్యాలమ్మా" అంది.

అయినా ఆ దారి మనల్ని ఎక్కడికి తీసుకెళ్తుందో చూడాలి. వద్దనుకుని వదిలేసిన జ్ఞానానికీ, అందనివ్వకుండా ఉంచిన జ్ఞానానికీ తేడా ఉంది. వంట మగవాడికి రాదు. రాకపోయినా అతను ఆకలితో ఉండడు, వండిపెట్టే మనిషి ఉంది. అతని అజ్ఞానానికి సేవ దొరుకుతుంది. ఆమె అజ్ఞానానికి దొరికేది ఎగతాళి, రాత్రి పదిన్నర దాకా ఎదురుచూపు. ఇద్దరి అజ్ఞానాలూ సమానం కానప్పుడు ఆమె అజ్ఞానాన్ని ప్రతిఘటన అని పొగడటం చదువుకున్నవాళ్ల విలాసమే అవుతుంది.

పైగా "నీకు తెలీదులే" అన్న మాట టీవీ దగ్గర ఆగదు. గ్యాసు సిలిండర్ దగ్గర మొదలై, కరెంటు మీటరు, బ్యాంకు కార్డు పిన్ను, ఫోను, ఆస్తి కాగితాల దాకా పోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న పురుషులు 48.8 శాతం, స్త్రీలు 21 శాతం. ఈ అంతరం ఒక్కరోజులో ఏర్పడలేదు. రోజుకోసారి "ఇలా ఇవ్వు, నువ్వు చెయ్యలేవు" అని చేతిలోంచి లాక్కోవడంలో ఏర్పడింది.

నేర్చుకోవడానికి ఏముంది?

అందుకే ఆ "టెక్నికల్" రహస్యం ఎంతటిదో ఇక్కడే విప్పి చూద్దాం. రిమోట్ ముందు భాగంలో ఒక చిన్న బల్బు ఉంటుంది. మన కంటికి కనిపించని పరారుణ కాంతిని అది వేగంగా మినుకుమినుకుమనిపిస్తుంది. చాలా రిమోట్లలో ఈ మినుకులు సెకనుకు సుమారు 38 వేలు. వాటి మధ్య విరామాల పొడవును బట్టి "ఫలానా పరికరం, ఫలానా ఆజ్ఞ" అన్న సందేశం టీవీకి చేరుతుంది. ఒక్కో కంపెనీది ఒక్కో సంకేత భాష. అన్ని టీవీలకూ పనికొచ్చే యూనివర్సల్ రిమోట్ అంటే ఈ భాషలు చాలావాటిని లోపల దాచుకున్న రిమోట్ అన్నమాట. ఫిలిప్స్ సంస్థ 1985లో ఇలాంటిది తెచ్చింది. 1987లో స్టీవ్ వోజ్నియాక్ పాత రిమోట్‌ను చూసి నేర్చుకునే రిమోట్‌ను అమ్మకానికి తెచ్చాడు. ఇవాళ గాజువాక బజారులో దొరికే సాదా రిమోట్లూ ఆ రెండు రకాలే.

దానికి మన టీవీ భాష చెప్పడానికి మూడు దారులున్నాయి. బటన్ల పేర్లు కంపెనీని బట్టి మారినా వరస దాదాపు ఒకటే. మొదటిది కోడ్ ఇవ్వడం. టీవీని దాని మీది బటన్‌తో ఆన్ చేసి ఉంచాలి. రిమోట్ మీద సెట్ అనో, టీవీ అనో ఉన్న బటన్‌ను ఎర్ర లైటు ఆగకుండా వెలిగేదాకా నొక్కి పట్టుకోవాలి. డబ్బాలోని కాగితంలో మన టీవీ కంపెనీ పేరు పక్కన ఉన్న మూడంకెల లేక నాలుగంకెల కోడ్ నొక్కాలి. లైటు ఆరితే అందిందని అర్థం. సౌండ్ బటన్ నొక్కి చూడాలి. పనిచెయ్యకపోతే జాబితాలో తర్వాతి కోడ్. ఒక్కో కంపెనీకి చాలా కోడ్‌లుంటాయి, మొదటిది తప్పిందంటే మనం తప్పు చేశామని కాదు.

రెండోది వెతికించడం. కాగితం పోతే ఇదే దారి. లైటు వెలిగేదాకా సెట్ బటన్ నొక్కి పట్టుకుని, తర్వాత రిమోట్‌ను టీవీ వైపు ఉంచి పవర్ బటన్ గానీ, చానెల్ పెంచే బటన్ గానీ ఒక్కొక్కసారే, మెల్లగా, ఓపికగా నొక్కుతూ పోవాలి. టీవీ ఆరిపోయిన క్షణాన ఆపి, సెట్ నొక్కితే ఆ కోడ్ నిలిచిపోతుంది. తొందరపడి దాటిపోతే మళ్లీ మొదటి నుంచి. ఇందులో కావలసింది ఓపిక ఒక్కటే. ఓపిక స్త్రీల సహజ గుణమని మనకు తరతరాలుగా చెబుతున్నారు కదా, ఈ ఒక్క పనికి మాత్రం అది పనికిరాదంటారెందుకో!

మూడోది నేర్పించడం. సెట్ టాప్ బాక్సు రిమోట్లు చాలావాటి మీద పైన ఒక మూల టీవీకని వేరుగా కొన్ని బటన్లుంటాయి. అవి పాత టీవీ రిమోట్ నుంచి నేర్చుకుంటాయి. లైటు వెలిగేదాకా సెట్ నొక్కాలి. రెండు రిమోట్ల తలలూ ఎదురెదురుగా, అంగుళం రెండంగుళాల దూరంలో బల్ల మీద పెట్టాలి. కొత్తదాని మీద నేర్పవలసిన బటన్, తర్వాత పాతదాని మీద అదే పని చేసే బటన్ నొక్కాలి. లైటు మిణుకుమంటే నేర్చుకున్నట్టు. చివర సెట్ నొక్కి ముగించాలి. పాత రిమోట్ బతికి ఉండగానే ఈ పని చేసుకోవాలి. అది చచ్చిపోయాక నేర్పేవాళ్లుండరు.

పాడైనప్పుడు చూడవలసినవీ ఎక్కువేమీ లేవు. ఫోను కెమెరా తెరిచి రిమోట్ బల్బును దాని ముందు పెట్టి ఏదైనా బటన్ నొక్కితే, పనిచేసే రిమోట్‌లో తెల్లగానో ఊదాగానో వెలుగు కనిపిస్తుంది. వెనక కెమెరాలో కనిపించకపోతే ముందు కెమెరాతో చూడాలి. వెలుగు లేదంటే సెల్లులు మార్చాలి, రెండూ కొత్తవే వెయ్యాలి, ప్లస్సు మైనస్సు చూసుకోవాలి, స్ప్రింగుకు పట్టిన చిలుము గీకాలి. వెలుగు ఉండీ టీవీ పలకలేదంటే టీవీ అంచున ఉండే చిన్న నల్లటి కన్నుకు ఏదో అడ్డం వచ్చిందేమో చూడాలి. మనం కుట్టి కప్పిన గుడ్డే అడ్డం కావచ్చు, దాని ముందు పెట్టిన బొమ్మ కావచ్చు. కిటికీ ఎండ నేరుగా పడినా అది గుర్తించదు. బాక్సు పనిచేస్తూ టీవీ మాత్రం "నో సిగ్నల్" అంటుంటే పాడైందేమీ లేకపోవచ్చు. సోర్స్ లేక ఏవీ బటన్ నొక్కి, బాక్సు తీగ ఏ రంధ్రంలో ఉందో, హెచ్‌డీఎంఐ ఒకటో రెండో, ఆ పేరు ఎంచుకుంటే చాలు. ఒకే బటన్ మొండికేస్తే లోపలి రబ్బరు పలక తుడవాలి. సెల్లులు మార్చగానే కొన్ని రిమోట్లు కోడ్ మరిచిపోతాయి, అందుకని ఆ అంకెలు సెల్లుల మూత లోపల రాసి అంటించుకోవాలి. స్మార్ట్ టీవీల మాట్లాడే రిమోట్లు చాలావరకు బ్లూటూత్‌తో నడుస్తాయి. వాటిని టీవీ సెట్టింగుల్లో జత కలపాలి, కెమెరా పరీక్ష వాటికి అంతగా పనికిరాదు.

ఇంతే. పప్పులో ఉప్పెంత వెయ్యాలో చేత్తో కొలవగల మనిషికి ఇది రాదనడం అబద్ధం. రాకుండా చేస్తున్నది ఏమిటంటే, ముందుగా భాష. నా చేతికొచ్చిన రిమోట్ కాగితాలన్నీ ఇంగ్లీషులోనో, ఇంగ్లీషు హిందీల్లోనో, చీమ తలంత అక్షరాల్లో ఉన్నాయి. తెలుగువాళ్ల డబ్బుకు ఉన్న విలువ తెలుగు అక్షరానికి లేదా? రెండోది భయం. పాడైతే తిట్లు, కొన్ని ఇళ్లలో దెబ్బలు. పాడు చేసే స్వేచ్ఛ లేనివాళ్లు ఏ యంత్రాన్నీ నేర్చుకోలేరు. కొడుకు పాడుచేస్తే "ప్రయోగాలు చేస్తున్నాడు, ఇంజనీరవుతాడు" అంటారు. కూతురు పాడుచేస్తే చేతిమీద ఒకటి వేస్తారు.

రిమోట్ దాచడం హింసేనా?

ఇక కార్యకర్తలు ముఖ్యంగా ఆలోచించవలసిన విషయం. డ్యూటీకి వెళ్తూ సెట్ టాప్ బాక్సు రిమోట్‌ను క్యారేజీ సంచిలో వేసుకుపోయే భర్తల గురించి నేను విన్నాను. బాక్సుకు పిన్ను పెట్టి భార్యకు చెప్పని వాళ్లున్నారు. స్మార్ట్ టీవీని తన ఫోనుతో ముడిపెట్టి, అతను ఇంట్లో లేకపోతే ఆమె ఏమీ తెరవలేకుండా చేసినవాళ్లున్నారు. "కరెంటు దండగ", "సీరియళ్లు చూసి చెడిపోతావు", "వార్తలు నీకెందుకు" అన్నవి వాళ్లిచ్చే కారణాలు.

గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమలవుతోంది. దాని మూడో సెక్షన్ వివరణలో ఆర్థిక హింస నిర్వచనం చూడండి. గృహ సంబంధం వల్ల స్త్రీ వాడుకునే, అనుభవించే హక్కున్న వనరులనూ సౌకర్యాలనూ అందకుండా నిషేధించడం, పరిమితం చెయ్యడం కూడా అందులో ఉంది. రక్షణాధికారి నింపే గృహ సంఘటన నివేదికలో, ఇంట్లో సాధారణంగా వాడే వస్తువులను వాడుకోనివ్వకపోవడం ఆర్థిక హింస కింద నమోదు చేసే వీలుంది. రిమోట్ కోసమే కోర్టుకెళ్లమని నేను చెప్పను. వెళ్లిన స్త్రీ నివేదికలో మాత్రం ఈ వరస కూడా రాయాలి. దెబ్బలు ఎన్ని తగిలాయని అడిగే మనం, ఇంట్లో ఏ వస్తువు ముట్టుకోవడానికి అనుమతి కావాలో అడగడం లేదు. ఆ ప్రశ్న అడిగితే కొట్టని ఇంట్లోనూ ఎంత హింస ఉందో బయటపడుతుంది. కొట్టే ఇంట్లో దెబ్బ దాకా ఎలా వచ్చిందో తెలుస్తుంది.

రిమోట్ కోసం మొగుడూ పెళ్లాల తగువును ప్రకటనల్లో, టీవీ హాస్యంలో సరదాగా చూపిస్తుంటారు. సీరియల్ పిచ్చి భార్య, క్రికెట్ పిచ్చి భర్త, ఇద్దరూ సమానంగా పోట్లాడుకుంటారు. వాస్తవంలో ఆ సమానత్వం లేదు. వాస్తవంలో పోట్లాటే జరగదు. అతను రాగానే ఆమె రిమోట్ అక్కడ పెట్టి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

మనం చెయ్యవలసింది

స్వచ్ఛంద సంస్థలు నడిపే డిజిటల్ అక్షరాస్యత తరగతులు కొన్ని చూశాను. తెర మీద బొమ్మలు చూపించి, చప్పట్లు కొట్టించి, సర్టిఫికెట్ ఇచ్చి పంపుతున్నారు. నేర్చుకున్న స్త్రీ ఇంటికెళ్లి ముట్టుకునే యంత్రం ఏదో ఆ తరగతిలో లేదు. ఆమె ఇంట్లో ఉన్నది రిమోట్, మిక్సీ, మీటరు, ఫోను. అక్కడి నుంచే మొదలుపెట్టాలి. విప్పి చూపించాలి. వాళ్ల చేతనే విప్పించాలి. పాడైతే నవ్వకూడదు.

కంపెనీలను, కేబుల్ ఆపరేటర్లను మూడు విషయాలు అడగాలి. రిమోట్‌తో, బాక్సుతో ఇచ్చే సూచనల కాగితం తెలుగులో, చదవగలిగే సైజులో ఉండాలి. పెట్టె బిగించే మనిషి ఇంట్లో ఉన్న స్త్రీకి చూపించి, ఆమె చేత ఒకసారి చేయించి వెళ్లాలి. కోడ్ రిమోట్ మీదే రాసి ఉండాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారు అవగాహనను ఒక హక్కుగా చెప్పింది. అర్థంకాని భాషలో ఇచ్చిన కాగితంతో ఏ అవగాహన కలుగుతుంది?

మగవాళ్లను అడగవలసిందీ ఉంది. సెట్టింగు తెలిసిన స్త్రీ మీద ఇంకో చాకిరీ పడకూడదు. ఆమె రిమోట్ నేర్చుకున్న రోజునే అతను అన్నం వార్చడం నేర్చుకోవాలి. జ్ఞానం పంచుకోవడమంటే పని పంచుకోవడం కూడా. ఈ షరతు లేకపోతే ఆన్ గ్రే చూసిన ఆ స్త్రీల లెక్కే సరైనదవుతుంది.

దువ్వాడలో, కూర్మన్నపాలెంలో, గాజువాకలో, మనం పనిచేసే ప్రతి బస్తీలో ఒక మధ్యాహ్నం దీనికి కేటాయిద్దాం. పెద్ద ఖర్చు లేదు. ఒక చిన్న స్క్రూ డ్రైవరు, నాలుగు కొత్త సెల్లులు, ఒక పాత టీవీ చాలు. వచ్చేవాళ్లందరూ తమ ఇంట్లో ఉన్న రిమోట్లన్నీ, పనిచేసేవీ చచ్చిపోయినవీ, సంచిలో వేసుకుని తీసుకురావాలని ఇప్పటి నుంచే కబురు పంపుదాం.